సరుకు బండి – సంసారపు బండి

2024 ఫిబ్రవరిలో మేడారం జాతర జరుగుతున్న రోజుల్లో ఒక సాయంకాలం నేనూ మా మనుమడూ హనుమకొండ నుంచి ములుగు వెళ్ళే రోడ్డు పక్కన నిలబడి ఉన్నాము. ఎడతెగకుండా వాహనాలు పోతున్నవి. ఆర్టీసీ బస్సులు, కార్లు, ఆటోలు, ట్రాక్టర్లు, వాటి నడుమ పైకప్పు లేని మధ్యరకం లారీలు. ఆ లారీల నిండా మనుషులు. అడుగున గడ్డి పరిచి, దాని మీద జంపఖానా వేసుకొని ముసలివాళ్ళు కూర్చున్నారు. పడుచువాళ్ళు అంచులు పట్టుకొని నిలబడ్డారు. ఒక మూల వంటపాత్రలు, అమ్మవార్లకు మొక్కిన ‘బంగారం’, అంటే బెల్లం బుట్టలు. మరొక మూల కట్టివేసిన మేకపోతు.

“తాతయ్యా, డీసీఎం అంటే ఏమిటి?” అని అడిగినాడు మావాడు.

“అదుగో, ఆ పోతున్నదే డీసీఎం” అన్నాను.

“అది తెలుసు. ఆ మాటకు అర్థం ఏమిటి?”

ముప్పై ఏండ్లకు పైగా పిల్లలకు మాటల అర్థాలు చెప్పి జీతం తీసుకున్నవాణ్ణి. తడబడితే పరువు పోతుంది. అదృష్టవశాత్తు ఈ మాట కథ నాకు తెలుసు. డీసీఎం అంటే ఢిల్లీ క్లాత్ మిల్స్. 1889లో పుట్టిన బట్టల మిల్లు. ఆ సంస్థ 1980లలో జపానుకు చెందిన టయోటాతో కలిసి ఉత్తరప్రదేశ్‌లోని సూరజ్‌పూర్‌లో చిన్న లారీలు తయారు చేసింది. 1995 నాటికి ఆ కర్మాగారం కొరియావారి దేవూ చేతికి పోయి, డీసీఎం టయోటా లారీలు నిలిచిపోయినవి. కంపెనీ పోయినా పేరు మాత్రం మన తెలంగాణలో ఉండిపోయింది. ఎవరు తయారు చేసినా సరే, ఆ పరిమాణపు లారీ మనకు డీసీఎమే. ఆజంజాహి మిల్లు వెలసిన ఓరుగల్లులో బట్టల మిల్లు పేరును లారీకి పెట్టి పిలుచుకుంటున్నామని చెబితే మావాడు నవ్వినాడు.

అంతకు ముందు తరానికి ‘మెటాడోరు’ ఉండేది. పుణె వైపు బజాజ్ టెంపో అనే సంస్థ తయారు చేసిన వ్యాను అది. స్పానిష్ భాషలో మెటాడోర్ అంటే గోదాలో ఎద్దును చంపే వీరుడు. మన ఎడ్లబండ్లను ఊళ్ళనుంచి తరిమినవాటిలో ఆ వ్యాను కూడా ఒకటి కనుక, పేరు పెట్టినవారికి తెలియకుండానే సార్థకనామధేయం అయింది. ఇక ‘టెంపో’ అన్నది ఆ భారతీయ సంస్థతో 1958లో చేయి కలిపిన జర్మనీ కంపెనీ పేరు. అదీ మనకు జాతివాచకమైపోయింది.

ఆ రాత్రి పడుకున్న తరువాత ఒక సంగతి తోచింది. ఈ మూడు పేర్లూ మొదట సరుకు బండ్లుగానే మన వాడుకలో స్థిరపడ్డాయి. కానీ పెండ్లికీ జాతరకూ చావుకూ మనవాళ్ళు ఎక్కినది వాటినే. సరుకు బండి సంసారపు బండిగా మారడం మన ప్రాంతపు చరిత్రలో ఎవరూ రాయని ఒక అధ్యాయం. నాకు తెలిసినంత మేరకు దానిని ఇక్కడ రాసి పెడుతున్నాను.

ముందుగా మాటతోనే మొదలుపెడతాను. ‘వ్యాను’ అన్నది ఇంగ్లీషులో ‘కారవాన్’ అనే మాటకు మిగిలిన తోక. దాని మూలం ఫారసీ ‘కార్వాన్’. హైదరాబాదులో గోలకొండకు పోయే దారిలో కార్వాన్ అనే పేట నేటికీ ఉన్నది. కార్వాన్‌కు తెలుగు ‘బిడారు’. ఉప్పునూ ధాన్యాన్నీ ఎద్దుల మీద వేసుకొని దక్కను అంతటా తిరిగిన లంబాడీలవి అసలైన బిడారులు. సరుకు ఎటు పోతే ఆలుబిడ్డలు అటే. సరుకుకు ఒక దారి, సంసారానికి ఒక దారి లేదు. రైళ్ళూ రోడ్లూ వచ్చి ఆ వ్యాపారం పోయిన తరువాత వారు తండాలలో స్థిరపడ్డారు. మా జిల్లాలో అట్లాంటి తండాలు ఎన్నో ఉన్నవి.

మన పురాణాలలోనూ ఇదే తీరు. పోతన మా బమ్మెర వాడని మేము నమ్ముతాము కనుక భాగవతం ఉదాహరిస్తే నా ప్రాంతాభిమానాన్ని మన్నించండి. దశమస్కంధంలో ఉత్పాతాలకు భయపడి నందాదులు గోకులాన్ని విడిచి బృందావనానికి తరలినప్పుడు వృద్ధులనూ స్త్రీలనూ పిల్లలనూ ఇంటి సామగ్రినీ శకటాల మీదనే ఎక్కించుకొని పోతారు. యశోదా రోహిణులు కొడుకులతో సహా ఒకే బండిలో కూర్చుంటారు. అవి పాలు, పెరుగు, పాత్రలు మోసే బండ్లు. అంతకు ముందు పసివాడైన కృష్ణుడు కాలితో తన్నితే తలకిందులైనదీ పాత్రలతో నిండిన శకటమే. ఆ బండి నీడన బిడ్డను పడుకోబెట్టిన తల్లి పేరంటపు పనుల్లో మునిగి ఉన్నది. బండి కిందా బండి మీదా పిల్లలుంటే పెద్దల కన్ను అక్కడ ఉండాలన్న హెచ్చరిక అందులో నాకెప్పుడూ కనబడుతుంది.

మా చిన్నతనంలో మా అమ్మగారి ఊళ్ళో ఇంటికొకటే బండి. ఎరువు తోలినా వడ్లు తోలినా అదే. పెండ్లికి పోవలసి వస్తే దానినే కడిగి, వెదురు బద్దలను విల్లులాగా వంచి రెండు వైపులా కట్టి, పైన చాప కప్పేవారు. అడుగున వరిగడ్డి మందంగా పరిచి దానిపై బొంత వేసేవారు. పొద్దున ఎరువుబండి, సాయంత్రం గూడుబండి. దొరల ఇండ్లలో మాత్రం సవారీకి వేరుగా కచ్చురం ఉండేది, దానికి తెరలుండేవి. మామూలు సంసారానికి ఆ భాగ్యం లేదు. అయినా బండి కట్టేవాడు మనుషులు ఎక్కేటప్పుడు వడ్ల బస్తాలను చూసినట్టు చూసేవాడు కాదు. బరువు వెనుకకు పోతే కాడి పైకి లేస్తుంది, ముందుకు వస్తే ఎద్దుల మెడ మీద పడుతుంది. అందుకని “అవ్వా, నువ్వు ఇటు జరుగు, పిల్లగాండ్లు నడుమల కూసోండ్రి” అంటూ ఒక్కొక్కరినీ సర్ది కూర్చోబెట్టిన తరువాతనే ఎద్దులను అదిలించేవాడు.

ఇక మోటారు కాలానికి వస్తాను. మోటారు బండికి ప్రాణమైనది ఛాసిస్, అంటే చట్రం. ఇంజనూ చక్రాలూ కమాన్ కట్టలూ స్టీరింగూ దానికే బిగించి ఉంటాయి. దాని మీద ఏ బాడీ కడితే అది ఆ బండి. పెట్టె కడితే లారీ, కిటికీలూ సీట్లూ కడితే బస్సు. 1932 జూన్‌లో నిజాం రాష్ట్ర రైల్వే తన రోడ్డు రవాణా శాఖను 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో ప్రారంభించింది. తరువాతి ఆర్టీసీకి అదే పునాది. నాటి బస్సులు స్కాట్లాండు నుంచి వచ్చిన ఆల్బియన్ చట్రాల మీద కట్టినవి. 1942లో హైదరాబాదులో మొదలైన ఆల్విన్ సంస్థ ఇనుప బీరువాలతో పాటు బస్సుల బాడీలను కూడా కట్టింది. రెండంతస్తుల బస్సులను చూసినవారికి ఆ పేరు గుర్తుండే ఉంటుంది. అంటే సరుకు చట్రాన్ని మనుషుల బండిగా మార్చే పని మన రాష్ట్రంలో ఒక పరిశ్రమగానే సాగింది. యుద్ధకాలంలో పెట్రోలు కరువై బొగ్గుతో నడిచిన బస్సులనూ, యుద్ధం ముగిసిన తరువాత మిలిటరీ వారు అమ్మివేసిన లారీలకు బెంచీలు బిగించి నడిపిన బస్సులనూ మా పెద్దలు కథలుగా చెప్పేవారు.

విదేశాలలోనూ ఇదే జరిగింది. అమెరికాలో రైల్వే స్టేషన్ల నుంచి మనుషులనూ పెట్టెలనూ కలిపి మోసే కొయ్యబాడీ బండ్లకు ‘స్టేషన్ వ్యాగన్’ అని పేరు. 1935లో షెవర్లే కంపెనీ ఒక మెట్టు ముందుకు పోయి, సరుకులు పంచే అరటన్ను వ్యాను చట్రం మీద మొత్తం ఉక్కుతో, కిటికీలతో, ఎనిమిది మంది కూర్చునే బండిని తయారు చేసింది. దాని పేరు ‘క్యారీఆల్ సబర్బన్’. అన్నింటినీ అందరినీ మోసేది అన్నమాట. జర్మనీలో వోక్స్‌వాగన్ 1950లో తెచ్చిన వ్యానుకు సీట్లు పెట్టుకొని, కావలసినప్పుడు ఊడదీసే రకం కూడా ఉండేది. వారంలో ఆరు రోజులు అంగడి పని, ఏడోనాడు కుటుంబంతో షికారు. వెదురు బద్దల గూడు కట్టిన మా అమ్మగారి ఊరి ఆలోచనకూ దీనికీ తేడా ఎంత?

ఈ విదేశీ ముచ్చట ఎందుకంటే, అటువంటి షెవర్లే వ్యాను ఒకటి మా మేనమామ ఇంట్లో ఉండేది. అమెరికాకు చెందిన జనరల్ మోటార్స్ సంస్థ 1928 నుంచి 1954 వరకు బొంబాయిలోని శివ్డీలో విడిభాగాలు తెప్పించి బండ్లు బిగించేది. ఆ కాలపు షెవర్లే లారీలూ వ్యానులూ మన రోడ్ల మీద చాలానాళ్ళు తిరిగినవి. మామయ్యది హనుమకొండలో కిరాణా టోకు వ్యాపారం. హైదరాబాదులో ఏదో కంపెనీ తన పాత వ్యానును వేలం వేస్తే కొని తెచ్చినాడు. ఆరు సిలిండర్ల పెట్రోలు ఇంజను, ముందర హ్యాండిలు తిప్పి స్టార్టు చేయాలి. డ్రైవరు గదికి వెనుక ఇనుప రేకుతో కట్టిన పెద్ద పెట్టె. పక్కల కిటికీలు లేవు. వెనుక రెండు రెక్కల తలుపు. మేము దానిని ‘డబ్బా మోటారు’ అనేవాళ్ళము.

1969 వచ్చింది. ప్రత్యేక తెలంగాణ ఉద్యమంలో బడులు నెలల తరబడి మూతపడ్డాయి. బందులతో అంగళ్ళు నడవక డబ్బా మోటారు ఇంటి ముందర నిలబడిపోయింది. నాకు పదేండ్లు. బడి లేని పిల్లలకు నిలబడి ఉన్న బండికి మించిన ఆటస్థలం ఉంటుందా? ఒక మధ్యాహ్నం దాగుడుమూతలాడుతూ నేనూ మామయ్య చిన్న కూతురూ వెనుక పెట్టెలో దూరి తలుపు లాగుకున్నాము. గడియ బయట దానంతట అదే పడిపోయింది. లోపల చీకటి. చింతపండు, మిర్చి బస్తాల ఘాటు. ఎండకు రేకు కాలిపోతున్నది. ఎంత తోసినా తలుపు రాదు. మేము అరిచిన అరుపు ఎవరికీ వినబడలేదు. ఎంతసేపున్నామో నాకు తెలియదు. అమ్మమ్మ నీళ్ళకు బయటకు వచ్చి రేకు మీద చప్పుడు విని తలుపు తీసింది. నా మరదలు స్పృహ తప్పి ఉన్నది. ముఖాన నీళ్ళు చల్లితే కాసేపటికి కళ్ళు తెరిచింది.

మామయ్య ఎవరినీ కొట్టలేదు, తిట్టలేదు. మరునాడు పొద్దున బండిని పోచమ్మమైదాన్ దగ్గర షెడ్డు పెట్టుకున్న మిస్త్రీ దగ్గరకు తీసుకొనిపోయినాడు. మేమందరమూ ఆయనను చాచా అనేవాళ్ళము. చాచా తలుపు అటూ ఇటూ తిప్పి చూసి నాతో అన్న మాట ఇప్పటికీ చెవిలో ఉన్నది: “సామాను లోపలికెళ్ళి తలుపు తియ్యదు బేటా. అందుకే కంపెనీవాడు లోపట గొండెం పెట్టలే. మనిషి కూసుండే బండికైతే ముందుగాల గదే పెట్టాలె.”

ఆ మాటతో మామయ్య మనసులో ఏదో తెగింది. వ్యాపారం ఎట్లాగూ నడవడం లేదు. ఇంట్లో పిల్లాజెల్లా కలిసి పన్నెండు మంది. ఆ రోజుల్లో దేశంలో దొరికే అంబాసిడరుకైనా ఫియట్టుకైనా ఏండ్ల తరబడి వేచి ఉండాలి, కొన్నా అందులో పన్నెండు మంది పట్టరు. “దీన్నే మనుషుల బండి చేద్దాం చాచా” అన్నాడు. పని పూర్తి కావడానికి మూడు నెలలు పట్టింది. బడి లేదు కనుక నేను ఇంచుమించు రోజూ అక్కడే ఉన్నాను. నా జీవితంలో చదివిన తొలి సాంకేతిక గ్రంథం ఆ షెడ్డే.

మొదటి పని తలుపుకు లోపలి గడియ. రెండవది కిటికీలు. పలుచని రేకును గ్యాసు మంటతో కోస్తే వేడికి వంకరపోతుందని చాచా సుద్దతో గీత గీసి, గీత వెంట దగ్గరదగ్గరగా రంధ్రాలు వేసి, వాటి నడుమ ఉలితో నరికినాడు. పక్క రేకుకు కన్నం పెడితే పెట్టె బలం తగ్గుతుంది. అందుకని ప్రతి కిటికీ చుట్టూ ఇనుప యాంగిల్ చట్రం బిగించి, పైకప్పు కింద అడ్డంగా కమానులు కట్టినాడు. అద్దాలు జరిగే కొయ్యగాడులనూ సీట్ల చట్రాలనూ చేసింది మా అమ్మమ్మ ఊరి నుంచి వచ్చిన వడ్ల తాత. జీవితమంతా ఎడ్లబండ్లు చేసినవాడు మోటారుకు పని చేయడం అదే మొదలు. సీట్లలో కొబ్బరిపీచు కూరి పైన రెగ్జిన్ తొడిగినారు. గోడల వెంట బల్లలు వేస్తే ఎక్కువమంది పడతారని మామయ్య అంటే, బ్రేకు వేసినప్పుడు ఒకరి మీద ఒకరు పడతారని చాచా ఒప్పుకోలేదు. సీట్లన్నీ ముందుకు చూసేటట్టు వరుసగా పెట్టి, వాటి బోల్టులను అడుగు చెక్కకు కాక ఛాసిస్ అడ్డకమ్మీలకు బిగించినాడు.

తరువాత కమాన్ కట్టలు. సరుకు బండికి అవి బరువుకు తగినట్టు గట్టిగా ఉంటాయి. బరువు తక్కువైతే బండి ఎగిరెగిరి పడి నడుములు విరుగుతాయి. వెనుక కట్టల్లోనుంచి రెండేసి పట్టీలు తీసివేసినాడు. పొగగొట్టం పెట్టె అడుగుననే ముగిసేది. ఆ పొగ లోపలికి వస్తే నిద్రలోనే ప్రాణం పోతుందని దానిని వెనుక దాకా పొడిగించి, కప్పు మీద గాలి ఆడే మూత పెట్టినాడు. ఆఖరుకు అమ్మమ్మ ఎక్కడానికి ఒక మెట్టు, ఆమె పట్టుకోవడానికి ఒక కడ్డీ. ఆ మెట్టు ఎత్తు కోసం ఆమెను షెడ్డుకు పిలిపించి, ఇటుకలు పేర్చి ఎక్కించి చూసి కొలత తీసుకున్నారు.

1939 నాటి మోటారు వాహనాల చట్టం కింద ఇటువంటి మార్పు చేస్తే రిజిస్ట్రేషను అధికారికి తెలిపి ఆర్.సి. పుస్తకంలో రాయించుకోవాలి. వచ్చిన అధికారిని అందరూ ‘బ్రేకు ఇన్‌స్పెక్టరు’ అనేవారు. ఆయన బ్రేకులు చూసి, సీట్లు లెక్కపెట్టి, లోపల కూర్చొని తలుపు వేయించుకొని తానే తీసుకొని దిగినాడు. ఆ తరువాతనే సంతకం పెట్టినాడు. చాచా నా వైపు చూసి కన్ను గీటినాడు.

1970లో శ్రీరామనవమికి ఆ బండిలో భద్రాచలం పోయినాము. ఖమ్మం, కొత్తగూడెం మీదుగా దారి. గోదావరి మీద వంతెన 1965లో తెరిచినారు. అమ్మమ్మ అంతకు ముందు పోయినప్పుడు పడవలో దాటిందట. కిటికీలోనుంచి నదిని చూస్తూ “ఇది బండి గాదు, ఇల్లు నడిచినట్టున్నది” అన్నది. ఎండకు రేకు కాగినప్పుడల్లా పాత మిర్చి ఘాటు లేచి అందరమూ తుమ్మేవాళ్ళము. ఎన్నిసార్లు కడిగినా అది పోలేదు. తొమ్మిదేండ్లు ఆ బండి మా ఇండ్లలోని పెండ్లిళ్ళన్నింటికీ తిరిగింది, రెండుసార్లు పురుటి నొప్పుల మనిషిని ఆసుపత్రికి చేర్చింది. విడిభాగాలు దొరకక 1979లో పాత ఇనుముకు పోయింది.

ఇంతవరకు రాసినది తీపి జ్ఞాపకం. ఇకముందు రాయబోయేది కాదు.

నేను 1984లో జిల్లాపరిషత్ ఉన్నత పాఠశాలలో తెలుగు పండితుడిగా చేరినాను. 2003లో మా బడి ఒక తండాకు దగ్గర. ఆ ఏడు వేసవి సెలవుల తరువాత జూన్‌లో తొమ్మిదో తరగతి హాజరు పిలుస్తూ ఒక పేరు దగ్గర ఆగినాను. జవాబు రాలేదు. మళ్ళీ పిలిచినాను. వెనుక బెంచీ పిల్లవాడు లేచి “పెండ్లికి పోయి వస్తుంటే బండి తిరగబడ్డది సార్” అన్నాడు. మే నెలలో ఒక సరుకు వ్యానులో నలభై మందికి పైగా పెండ్లి నుంచి తిరిగివస్తున్నారు. మలుపులో నిలబడినవారందరూ ఒక పక్కకు ఒరిగినారు. బస్తాలను తాళ్ళతో కడతాము, అవి కదలవు. మనుషులు కదులుతారు, నిలబడితే బరువు పైకి పోతుంది. వెనుక అడ్డతలుపు కొండి ఊడిపోయింది. చనిపోయిన ఇద్దరిలో నా విద్యార్థి ఒకడు. పద్యం తప్పు లేకుండా చదివేవాడు.

కొన్నాళ్ళకు అతని తండ్రి మా ఇంటికి వచ్చినాడు. పరిహారం కోసం వేయవలసిన దరఖాస్తుకు జరిగిన సంగతి తెలుగులో రాసి ఇమ్మన్నాడు. వకీలు ఒక మాట చెప్పి పంపినాడట. అది విని నాకు చట్టం తెలిసింది. 1994లో చేసిన సవరణ వలన సరుకు వాహనంలో సరుకు యజమానిగానీ అతని ప్రతినిధిగానీ ప్రయాణిస్తే బీమా వర్తిస్తుంది. ఊరికే ఎక్కినవారి సంగతి వేరు. వారికి పరిహారం చెల్లించే బాధ్యత బీమా సంస్థకు లేదని సుప్రీంకోర్టు 2002 డిసెంబరులోనే తీర్పు చెప్పింది. కనుక పిల్లవాడు పెండ్లిలో వచ్చిన ఇత్తడి సామానుకు తోడుగా వస్తున్నాడని రాస్తే పని జరుగుతుంది.

ఆ బండిలో ఇత్తడి బిందెలు ఉన్నమాట నిజమే. వాటికి తోడుగా ఆ పిల్లవాడు రాలేదన్నదీ నిజమే. రాత్రంతా ఆలోచించినాను. పిల్లలకు హరిశ్చంద్రుని కథ చెప్పి పరీక్షలో ప్రశ్న ఇచ్చేవాణ్ణి నేను. ‘పెండ్లికి పోయి బంధువులతో తిరిగివస్తుండగా’ అని రాసి ఇచ్చినాను. తండ్రి చదువుకోలేదు, నేను రాసినదాని మీద వేలిముద్ర వేసినాడు. కాకపోతే వేయడానికి ముందు దానిని చదివి వినిపించి, దాని వలన ఏమి పోవచ్చునో చెప్పినాను. “నా కొడుకు సామాను ఎంబడి వోలేదు సార్, మా ఎంబడే వచ్చిండు” అన్నాడు. బీమా సంస్థకు బాధ్యత లేదన్నారు. బండి యజమాని చెల్లించాలన్నారు. అతనికి ఆ నుజ్జయిన బండి తప్ప ఆస్తి లేదు. ఆ తండ్రికి చేరినది ఏమంత కాదు. ఆయన నన్ను ఏనాడూ ఒక్క మాట అనలేదు. నేను రాసినది సరియైనదేనా అని నేటికీ నన్ను నేను అడుగుతూనే ఉన్నాను. అబద్ధం రాస్తే ఒక చిన్న ఇల్లు నిలబడేదేమో. కానీ ఆ అబద్ధానికి అర్థం ఏమిటి? ఆ బండిలో బిందెకు ఉన్నపాటి హోదా పిల్లవాడికి లేదని, బిందె పేరు చెప్పుకుంటేనే వాడి ప్రాణానికి వెల కడతారని ఒప్పుకోవడమే కదా!

ఆ తరువాత కాలం మారింది. 2005లో టాటా సంస్థ ఏస్ అనే బుల్లి సరుకు బండిని తెచ్చింది. రెండేండ్లకే, 2007లో, అదే బండికి కప్పూ సీట్లూ తలుపులూ అమర్చి మ్యాజిక్ పేరుతో మనుషుల బండిగా విడుదల చేసింది. మా జిల్లా పల్లెదారుల్లో అవి వందలుగా తిరిగినవి. మామయ్యా చాచా మూడు నెలలు చేసిన పనిని కర్మాగారమే చేయడం మొదలుపెట్టిందన్నమాట. మరోవైపు ఇంట్లో చేసుకునే మార్పులకు తలుపు మూసుకున్నది. 1988 చట్టానికి 2000లో చేసిన సవరణ ప్రకారం తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ మాటనే గట్టిగా చెప్పింది. దివ్యాంగులకు అవసరమైన మార్పుల వంటి కొన్నింటికే మినహాయింపు. కనుక మా డబ్బా మోటారు ఈనాడైతే పుట్టేది కాదు.

ఈ నియమాన్ని నేను తప్పు పట్టను. ప్రతి షెడ్డులోనూ మా చాచా ఉండడు. కమాన్ పట్టీలు తీయడం తెలిసినంత మాత్రాన బ్రేకులకు ఎంత బరువు ఆగుతుందో తెలుస్తుందని లేదు. కానీ ఒక సంగతి నన్ను వదలదు. సరుకు బండికి ఒక సీటు బిగించడం నేరం, కనుక ఎవరూ బిగించరు. సీటు లేని ఆ బండిలో యాభై మందిని నిలబెట్టడమూ నేరమే, కానీ అది ప్రతి పెండ్లి ముహూర్తానికీ ప్రతి జాతరకూ జరుగుతూనే ఉన్నది. తండావారిని అడిగితే కారణం చెబుతారు. రాత్రిపూట బస్సు రాదు. నలభై మందికి కార్లు మాట్లాడుకునే శక్తి లేదు. మిర్చి కల్లంలో నుంచి ఏనుమాముల మార్కెటుకు పోయే బండే కిరాయికి తక్కువలో దొరుకుతుంది. వారిని తెలివితక్కువవారని నిందించి ఊరుకుంటే సులువే. బమ్మెర పోతన వర్ణించిన గోపకులకు దొరికినదీ శకటమే, వీరికి దొరికినదీ శకటమే.

మార్చడానికీ ఎక్కించడానికీ ఉన్న తేడాను మాత్రం మనం మరచిపోయినాము. గూడుబండి కట్టినవాడు అవ్వను సర్ది కూర్చోబెట్టినాడు. చాచా అమ్మమ్మ కాలెత్తును కొలిచి మెట్టు పెట్టినాడు. బ్రేకు ఇన్‌స్పెక్టరు లోపల కూర్చొని తలుపు తెరిచి చూసినాడు. ముగ్గురూ ఎక్కబోయే మనిషిని తలచుకున్నారు. అది జరగనప్పుడు బండి సరుకు బండిగానే ఉండిపోతుంది, లోపల ఉన్నది ఎవరైనా సరే.

మేడారం రోడ్డు మీద ఆ సాయంకాలం ఒక డీసీఎం మా ఎదుట టీ కోసం ఆగింది. వెనుక అడ్డతలుపుకు ఆనుకొని ఒక ఏడెనిమిదేండ్ల పిల్ల నిలబడి ఉన్నది. ఆ కొండిలో ఉండవలసిన పిన్ను లేదు, దాని స్థానంలో చీపురు పుల్లలాంటి సన్నని తీగ చుట్టి ఉన్నది. నేను పోయి డ్రైవరుతో చెప్పినాను. “రోజూ గట్లనే పోతున్నం పెద్దాయనా” అన్నాడు, కానీ దిగి వచ్చి చూసినాడు. సీటు కింద వెతికి ఒక బోల్టు తెచ్చి కొండిలో దూర్చి నట్టు బిగించినాడు. పిల్లను నడుమకు జరిపి వాళ్ళ నాయనమ్మ పక్కన కూర్చోబెట్టినాడు. బండి పోయింది.

మీ ఇండ్లలోనూ పెద్దలకు ఇటువంటి బండ్లు గుర్తుండి ఉంటాయి. అడిగి రాసి పెట్టుకోండి. ఈసారి పెండ్లికి పోయే సరుకు బండి మీ వాకిట్లో ఆగితే ఎక్కవద్దని చెప్పండి. ఆ మాట చెల్లని చోట, కనీసం పిల్లలను నడుమ కూర్చోబెట్టి, వెనుక కొండిని ఒకసారి చేతితో లాగి చూడండి.